ఎత్తు కొలిస్తే చాలదు, బరువూ తూచాలి

మా పొదిలి నుండి ఒంగోలు పోయే దారిలో చీమకుర్తి గనులున్నాయి. లోకం ‘గెలాక్సీ గ్రానైటు’ అని కొనే ఆ నల్లరాయి నిజానికి గాబ్రో జాతి శిల. వంద కోట్ల ఏళ్లకు పూర్వమే భూగర్భంలో గడ్డకట్టిన శిలాద్రవం. ఇక్కడ చల్లారినది మరికొన్ని చోట్ల ఇంకా ఉడుకుతూనే ఉన్నది.

ఇటలీలోని పొజ్జువోలి పట్టణపు నేల 1982-84 నడుమ దాదాపు 1.8 మీటర్లు పైకి లేచింది. సుమారు 40,000 మందిని తరలించారు. అగ్నిపర్వతం మాత్రం పేలలేదు. 2005 నుండి ఆ నేల మళ్లీ పొంగుతున్నది.

లేపుతున్నది శిలాద్రవమా, ఆవిరియా? ఎత్తు ఒక్కటే కొలిస్తే తేలదు. నేల మీటరు లేస్తే భూకేంద్రానికి దూరమై, గురుత్వం సుమారు 32 లక్షల్లో ఒక వంతు తగ్గాలి. అంతకన్న తక్కువగా తగ్గితే, అడుగున కొత్త బరువు చేరినట్లు. సరిగ్గా అంతే తగ్గితే, ఆవిరి, వాయువుల ఒత్తిడిని శంకించాలి.

ఈ కొలతలు రెండూ శబ్దార్థాల వంటివి. ఒకదానిని విడిస్తే మిగిలేది అపార్థమే. పైగా నేల కదిలిన నాడు పరికరం మోసుకుపోతే, పోల్చడానికి పాత లెక్క ఉండదు. మన అండమానులలోని బారెన్ ద్వీపం ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రించి 1991లో మేల్కొన్నది. కనుక ప్రశాంతకాలపు కొలతలకయ్యే వ్యయం దుబారా కాదని నా అభిప్రాయం. ఊరు విడువమని జనానికి చెప్పేవారి చేతిలో ఆ లెక్క ఉండితీరాలి. మీరేమంటారు?