పది సీసాల నోము

మొన్న సంక్రాంతికి మా అన్నయ్యా, వదినా హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చారు. నాలుగు రోజుల మకానికి రెండు పెట్టెలు తెచ్చారు. ఒకదాంట్లో ఇద్దరి బట్టలూ ఉన్నాయి. రెండోదాంట్లో మా వదిన ముఖం ఉంది.

హాస్యానికి అనడం లేదు. ఆవిడ ఆ పెట్టె తెరిచి మా పడకగది గూట్లో వరసగా సీసాలు పేర్చింది. లెక్కపెట్టాను. పది! ముఖం మీది మురికి వదిలించడానికి నూనె, ఆ నూనె వదిలించడానికి నురగ, నురగ పీల్చేసిన తడిని తిరిగి తేవడానికి టోనరు, దాని మీద ఎసెన్సు, పగటికో సీరం, రాత్రికో సీరం, కళ్ళ కింద ఒక క్రీము, బుగ్గలకి ఒక క్రీము, ఎండకి ఒక క్రీము, ఆదివారం మాత్రం మాస్కు. పల్చనిది ముందు, చిక్కనిది వెనక. ఒకటి ఆరాకే రెండోది. వరస తప్పితే ఫలం దక్కదట.

మా అమ్మ గుమ్మం దగ్గర బియ్యం ఏరుకుంటూ ఇదంతా చూసింది.

"ఈ నోముకి ఉద్యాపన ఎప్పుడమ్మా?" అని అడిగింది నెమ్మదిగా.

"దీనికి ఉద్యాపన లేదత్తయ్యా. మొదలెట్టాక బతికినన్నాళ్ళూ చేసుకోవలసిందే" అంది మా వదిన, వేళ్ళతో బుగ్గలు తట్టుకుంటూ.

ఆ మాట నన్ను పట్టుకుంది. మనకి నోములు కొత్తా? పదహారు ఫలాల నోము పట్టినా, అట్లతద్ది నోచినా, ఎప్పుడో ఒకనాడు ముత్తయిదువల్ని పిలిచి వాయనాలిచ్చి "అమ్మయ్య" అనుకుంటాం. ఉద్యాపన లేని నోము పట్టించే పురోహితుణ్ణి ఇన్నాళ్ళూ చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను. ఆయన సెల్‌ఫోనులో కాపరం ఉంటాడు.

నలభై దాటిన ఆడది పూటకి అరగంట, నెలకి వేల రూపాయలు పోసి ఈ నోము పట్టడం శుద్ధ దండగ అని నా వాదన. వట్టి దండగే అయితే పోనిద్దురూ అని ఊరుకుందును. కీడు కూడా ఉంది. నన్ను తిట్టదలచుకున్నవారు ఆసాంతం చదివి మరీ తిట్టండి. ఎంచేతంటే, ఈ నోము నేను కూడా పట్టాను.

రెండేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు నలభై నాలుగు. ఒక పుస్తకావిష్కరణ సభలో దిగిన ఫోటో చూసుకుని హడలిపోయాను. వేదిక మీద కూచున్నది నేనా, మా మేనత్తా? ముఖం వాడిపోయి, పాలిపోయి, కళ్ళ కింద నల్లగా. సభ అయ్యాక ఒక పాఠకురాలు దగ్గరికొచ్చి, "మీ నవలలో నాయిక ఎంత కళగా ఉంటుందండీ!" అంది. మిగతా సగం ఆవిడ అనలేదు, నేనే అనుకున్నాను.

ఆ రాత్రే ఫోనులో ఆరు సీసాలు తెప్పించుకోడానికి డబ్బు కట్టాను. అయిదువేల నాలుగువందలు. మా ఇంట్లో పప్పూ ఉప్పుల పద్దు రాసే పుస్తకంలో ఆ అంకె ఎక్కడ వెయ్యాలో తెలియక "పుస్తకాలు" కింద వేశాను. ఎనిమిది నెలలు నిష్ఠగా రాశాను. తొందరపాటు మనిషిని కదా, ఆమ్లం ఉన్న సీరమూ, రెటినాల్ ఉన్న సీరమూ ఒకే రాత్రి రాసుకున్నాను. తెల్లారేసరికి బుగ్గలు మిరపకాయ బజ్జీల్లా ఉన్నాయి.

చర్మవైద్యురాలి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ నా బుగ్గలకేసి ఒక్క నిమిషం చూసి, కింది కనురెప్ప లాగి లోపల చాలాసేపు చూసింది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అమ్మా?"

"వస్తోందండీ. వయసు కదా."

"నెలసరి ఎలా అవుతోంది?"

రెండేళ్ళుగా వరదలా అవుతోందనీ, పది రోజులు ఆగదనీ, ఎవరితోనూ అనలేదనీ చెప్పాను. "ఆ వయసుకి అంతే" అని మా ఇంట్లో పెద్దవాళ్ళు అనగా విన్నదాన్ని. రక్తపరీక్షకి మూడువందలు తీసుకున్నారు. పన్నెండు గ్రాములు ఉండవలసిన హిమోగ్లోబిన్ ఎనిమిది పాయింట్ రెండు ఉంది. గర్భసంచిలో కంతి ఉందని స్కానింగులో తేలింది.

నా ముఖం రెండేళ్ళుగా నాకు ఉత్తరాలు రాస్తూనే ఉంది. నేను వాటిని విప్పి చదవకుండా పైన అత్తరు పూస్తూ కూచున్నాను. కీడు అన్నది దీన్నే. మన ముఖం మనతో చెప్పుకునే మాటని "ఏజింగు" అనే ఒక్క ముక్కతో కొట్టి పారేయడం నేర్పింది ఈ నోము. నాకొక్కదానికే అయితే ఇది రాయను. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తం చాలనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే పేరంటానికి పదిమంది వస్తే అందులో దాదాపు ఆరుగురు. ఆ ఆరుగురూ "ముఖంలో గ్లో లేదు" అనుకుంటూ సీరం వెతుక్కుంటున్నారు.

సరే, సీసాలు అసలు పని చెయ్యవా? ఏమాటకామాటే చెప్పాలి. బి.ఏ. చదివినదాన్ని, సైన్సు నాకు పదో తరగతితోనే సెలవు చెప్పింది. అయినా దెబ్బ తిన్నవాళ్ళకి చదువు తొందరగా వస్తుంది. చదివి తెలుసుకున్నదిది.

ముట్లు ఆగిన తరవాత మొదటి అయిదేళ్ళలో చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం తగ్గిపోతుందంటారు డాక్టర్లు. కాబట్టి ముడతలు మన భ్రమ కాదు. అయితే తగ్గింది కొల్లాజెన్ కదా అని కొల్లాజెన్ క్రీము కొనుక్కుంటే ఏమవుతుంది? చర్మం పైపొరలోంచి లోపలికి దిగాలంటే పదార్థం రేణువు బరువు 500 డాల్టన్లకి లోపు ఉండాలని ఒక లెక్క. కొల్లాజెన్ బరువు మూడు లక్షల డాల్టన్లు. వంటింటి వెంటిలేటర్లోంచి ఇనప్పెట్టెను లోపలికి తేవడం లాంటిదన్నమాట. పైన కూచుని కాస్త తడిగా ఉంచుతుంది, నిజమే. ఆ పని కొబ్బరినూనె కూడా చేస్తుంది.

నిజంగా పని చేసేవి రెండు మూడే. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్ళో 55 ఏళ్ళలోపు 903 మందిని నాలుగున్నరేళ్ళు కనిపెట్టి చూశారు. రోజూ ఎండ క్రీము రాసుకున్నవాళ్ళ చర్మం, తోచినప్పుడు రాసుకున్నవాళ్ళ చర్మం కంటే 24 శాతం తక్కువగా ముదిరిందని 2013లో ప్రకటించారు. ఎస్పీఎఫ్ 30 ఉన్నది సరిగ్గా రాసుకుంటే ముఖాన్ని కమిలించే కిరణాల్లో 97 శాతాన్ని ఆపుతుంది. యాభై ఉన్నది 98 ఆపుతుంది. ఆ ఒక్క శాతానికి ఎంత ఎక్కువ పెడతారో మీ ఇష్టం. మన బెజవాడ ఎండకి గొడుగు కూడా కలిస్తే ఇంకా మేలు. రెండోది ట్రెటినాయిన్ అనే మందు. మొటిమలకని అమెరికాలో 1971లో అనుమతి వచ్చింది. ఎండకి ముదిరిన చర్మం మీద కూడా పని చేస్తుందని 1986లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే వైద్యుడూ, ఆయనతో పని చేసినవాళ్ళూ చూపించారు. ఇది డాక్టరు చీటీతో వాడవలసింది. కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టకూడదు. మూడోది పొడిబారకుండా రాసుకునే ఏదో ఒక మామూలు క్రీము. ఇంతే. మిగతా ఏడు సీసాలూ పెళ్ళిలో బాజా లాంటివి. సందడికి పనికొస్తాయి, తాళి కట్టవు.

"అందుకే మా బామ్మల సున్నిపిండే మేలు" అని చంకలు గుద్దుకునేవారికి కూడా ఒక మాట. ఈ మధ్య బకుచియాల్ అనే పేరు మోగిపోతోంది. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. బాకుచి అంటే మరేం కాదు, మన బావంచాలు! మా అమ్మమ్మ పెసలతో, కచ్చూరాలతో కలిపి విసిరించిన గింజలే వెండిమూత సీసాలో దిగుమతి అవుతున్నాయి. 2019లో అచ్చయిన ఒక పరీక్షలో పన్నెండు వారాలు రాసి చూస్తే ఇది రెటినాల్‌కి తీసిపోలేదన్నారు. పరీక్షించింది 44 మందిని. మా వీధిలో పేరంటానికి అంతకంటే ఎక్కువమందే వస్తారు. పైగా ఆ గింజల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. బొల్లి వైద్యంలో వాడతారు. గింజల నూరు పూసుకుని ఎండలో తిరిగితే ఒళ్ళు పొక్కుతుంది. అమ్మమ్మ పేరు చెప్పి అమ్మినా, అమెరికా పేరు చెప్పి అమ్మినా, అడగవలసిన ప్రశ్నలు అవే.

సీసాలన్నీ సాధుజంతువులు కూడా కావు. స్టెరాయిడు క్రీముల్ని తెల్లబడటానికని జనం విచ్చలవిడిగా పూసుకుంటుంటే, 2018లో ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడు పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరి మూత్రపిండాలు ఎందుకు పాడయ్యాయా అని వెతికితే, వాళ్ళు పూసుకున్న తెలుపుక్రీముల్లోని పాదరసం దగ్గర తేలింది.

ఇంకో సంగతి గమనించండి. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. 2020లో ఆ పేరులోంచి "ఫెయిర్" తీసేసి "గ్లో" పెట్టారు. నేను పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు బజారంతా నాకు "నల్లగా ఉన్నావు" అని చెప్పింది. ఇప్పుడు "ముసలిదానివవుతున్నావు" అంటోంది. సరుకు మారింది, భయం మారింది, కొనే మనిషిని మాత్రం నేనే. పదిహేనో ఏట తెలియక కొన్నాను. నలభై ఆరో ఏట కూడా తెలియదంటే ఎలా?

ఇదంతా ఆ పండగ రాత్రి మా వదినకి ఏకరువు పెట్టాను. ఆవిడ మూత తిప్పుతూ విని, చల్లగా ఒక్క దెబ్బ కొట్టింది.

"నీకేమమ్మా, కాగితం మీద రాసుకుంటావు. నువ్వు తలుపేసుకుంటే, రచన చేస్తోందని ఇంటిల్లపాదీ చప్పుడు చెయ్యరు. నేను బ్యాంకు నుంచి వచ్చి తలుపేసుకుంటే 'కాఫీ ఏది?' అని తడతారు. ముఖానికి రాసుకుంటున్నానంటే మాత్రం తట్టరు. ఆ అరగంటే నాది. నువ్వూ రాసుకుంటావు, నేనూ రాసుకుంటాను."

నిజం చెబుతున్నాను, ఆ రాత్రి నాకు జవాబు దొరకలేదు. సీసాల మీద పడుతున్నానుగానీ తలుపు సంగతి ఆలోచించలేదు. రోజులో అరగంట ఒంటరిగా కూచోడానికి ఆడదానికి ఒక సాకు కావాలి, ఆ సాకుకి ఖరీదు కట్టి అమ్ముతున్నారు. పూర్వం పూజ పేరు చెప్పి మా అమ్మ సంపాదించుకున్న అరగంటే ఇది కూడా. అయినా నా వాదన ఒదులుకోను. ఆ అరగంట నీది వదినా, అందులో సందేహం లేదు. దానికి వేల రూపాయల టిక్కెట్టు ఎందుకు? వట్టి చేతులతో, వట్టి ముఖంతో కిటికీ దగ్గర కూచున్నా సరే, "ఇప్పుడు కాఫీ లేదు" అనే హక్కు నీకుంది.

ఇంకొకటి కూడా చెప్పి తీరాలి. "ముసలితనానికి దసరా పండగా?" అని ఈ వ్యాసం భార్యలకి చదివి వినిపించబోయే మగవారికి మనవి: నేను మీ జట్టు కాదు. మీ మీసాల నలుపు ఎక్కణ్ణించి వస్తోందో మాకు తెలుసు. అద్దంలో చూసుకుని ముచ్చటపడటానికి వయసు అడ్డేమీ కాదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి కాటుక పెట్టుకుంటే, పువ్వులు పెట్టుకుంటే, గంధం రాసుకుంటే నాకు చూడముచ్చట. నా పోట్లాట సోకుతో కాదు, భయంతో. సోకు చేసుకున్నప్పుడు మనిషి పాడుకుంటుంది. మా వదిన ఆ పది సీసాల ముందు పాడగా నేను వినలేదు. అద్దాన్ని అప్పులవాణ్ణి చూసినట్టు చూస్తుంది.

కనుమ మర్నాడు వాళ్ళు బయలుదేరుతుంటే వదినకి పసుపూ కుంకుమా ఇచ్చి, చేటలో రెండు వస్తువులు పెట్టి వాయనం ఇచ్చాను. ఒకటి మడత గొడుగు. రెండోది, నాలుగు రక్తపరీక్షల పేర్లు రాసిన చీటీ.

"ఇదేం వాయనమే తల్లీ!" అంటూనే పుచ్చుకుంది.

పోయిన వారం ఫోను చేసింది. "పరీక్ష చేయించుకున్నాను. నాకు పన్నెండున్నర ఉంది. ఇంక నా సీసాలు నేను వాడుకోవచ్చా?" అని ఎకసెక్కెంగా అడిగింది.

"నిక్షేపంలా వాడుకో. ఎన్నున్నాయి ఇప్పుడు?"

కాసేపు మాట్లాడలేదు. "ఏడు" అంది. "అయిపోయినవి మళ్ళీ కొనలేదులే. గొడుగు మాత్రం మీ అన్నయ్య పట్టుకుపోతున్నారు. ఇంకోటి పంపు."