మండుతుందా, మండదా?

విశాఖలో మల్కాపురం, సింధియా మీదుగా వెళ్లే ఆయిల్ ట్యాంకర్లను చూడండి. కొన్నిటి వెనక ‘ఫ్లేమబుల్’ అని, కొన్నిటి వెనక ‘ఇన్‌ఫ్లేమబుల్’ అని ఉంటుంది. రెండింటి అర్థమూ ఒకటే: నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది. కానీ బళ్లో మనం నేర్పేదేమిటి? ‘కరెక్ట్’ ముందు ‘ఇన్’ చేరిస్తే తప్పు, ‘విజిబుల్’ ముందు చేరిస్తే కనిపించనిది. ఆ లెక్కన ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిదని అనుకోవాలి. పాఠం శ్రద్ధగా విన్న పిల్లవాడే ఇక్కడ పొరపడతాడు.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ‘అఫెక్ట్, ఎఫెక్ట్’ లాంటి జంటలు పేజీలకు పేజీలు ఉంటాయి. అక్కడ తడబడితే పోయేది ఒక మార్కు. రిఫైనరీ, రేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో లెక్క వేరు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో గ్యాస్ లీకై ఎగసిన మంటలు విశాఖ ఇంకా మరిచిపోలేదు. ఆ ప్రమాదానికి కారణం మాట కాదు. అయినా మంటంటే ఏమిటో తెలిసిన ఊరు హెచ్చరిక రాతను తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ విషయంలో నావికులే మనకన్నా నయం. ఓడ కుడివైపు ‘స్టార్‌బోర్డ్’, ఎడమవైపు ‘లార్‌బోర్డ్’ అనేవారు ఒకప్పుడు. గాలి హోరులో రెండూ ఒకేలా వినబడేవి. చెవులు రిక్కించి వినమని కళాసీలను కసురుకోలేదు. 1844లో బ్రిటిష్ నౌకాదళం లార్‌బోర్డ్‌ను తీసేసి ‘పోర్ట్’ అనమంది. 2001లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఓడల మాటలకు ప్రామాణిక వాక్యాలే కూర్చింది. అందులో చుక్కాని ఆజ్ఞల్లో తప్ప ‘ఫిఫ్టీన్’ అనరు, ఫిఫ్టీ అని వినబడుతుందేమోనని ‘వన్ ఫైవ్’ అంటారు. ‘మే’ అనే మాటకూ దూరంగా ఉండమంటారు, అనుమతి అడుగుతున్నారో అవకాశం ఉందంటున్నారో తేలదు గనక. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇన్నర్ హార్బరులోకి దారి ఇరుకు. అలాంటి చోట ‘పోర్ట్ టెన్’ అని ఆజ్ఞ వస్తే, చుక్కాని దగ్గరున్న మనిషి ‘పోర్ట్ టెన్’ అని తిరిగి పలికాకే చక్రం తిప్పాలి.

ఓడమీద ఉన్న ఈ జాగ్రత్త రేవు గేటు దాటగానే ఏమవుతోంది? ట్యాంకరు పక్కన బీడీ వెలిగించబోయే మనిషికి ఉపసర్గల పాఠం అక్కర్లేదు. ఇన్‌ఫ్లేమబుల్ అన్న మాటను చెరిపేసి, ‘నిప్పంటుకుంటుంది, దూరంగా ఉండండి’ అని పెద్దక్షరాల తెలుగులో రాయించండి. కింద హిందీ, ఒడియా కూడా ఉండాలి. ఇక్కడ పనిచేసే చేతుల్లో ఆ భాషలవారివీ ఉన్నాయి.