అక్క కత్తెర, తమ్ముడి పేరు

బియ్యంలో రాళ్లు ఏరడం మనకి అలవాటే. పుస్తకంలో రాళ్లు ఏరడానికి కూడా ఇంగ్లీషులో ఒక మాట ఉంది, తెలుసా? అదే 'బౌడ్లరైజ్'. రోజూ వినపడే మాట కాదు లెండి. పుస్తకంలో అసభ్యంగా ఉన్నాయనుకున్న మాటలు, సన్నివేశాలు తీసేసి, ఇంట్లో అందరూ చదివేలా చేయడమని దానర్థం. కాస్త ఎత్తిపొడుపుగానే వాడతారు.

ఇది ఒక ఇంటిపేరులోంచి పుట్టింది. ఇంగ్లండులో థామస్ బౌడ్లర్ అనే డాక్టరుగారు ఉండేవారు. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు ఇంటిల్లిపాదికీ షేక్స్‌పియర్ నాటకాలు చదివి వినిపించేవారట. ఆడవాళ్లు, పిల్లలు వినకూడదనుకున్నచోట గుట్టుచప్పుడు కాకుండా దాటేసేవారట! ఆ పద్ధతిలోనే 1818లో థామస్ పేరుతో 10 సంపుటాల 'ఫ్యామిలీ షేక్స్‌పియర్' వచ్చింది. ఒక నాటకంలో వేశ్య పాత్ర పూర్తిగా ఎగిరిపోయింది. 'ఒథెల్లో' మాత్రం ఎంత ఏరినా బాగుపడలేదు. దాన్ని హాల్లో ఉంచకుండా లోపలి గదిలో పెట్టుకోమని సలహా ఇచ్చారాయన. 1825లో ఆయన పోయారు. 1836 నాటికి ఆయన ఇంటిపేరు క్రియాపదం అయిపోయింది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఈ పుస్తకం మొదటిసారి వచ్చింది 1807లో. అందులో 20 నాటకాలున్నాయి. పుస్తకం మీద ఎవరి పేరూ లేదు. ఆ పని చేసింది థామస్ అక్కగారు హెన్రియెటా మరియా. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. ఫలానా మాట అసభ్యం అని తీసేయాలంటే ముందు దానర్థం తెలియాలి కదా! పెళ్లికాని ఆడమనిషికి అవన్నీ తెలుసని ఒప్పుకుంటే ఆ రోజుల్లో పరువు పోయేది. అందుకే తెరచాటున ఉండిపోయింది.

ఆవిడ తెలివి తక్కువదేం కాదు. పేరు లేకుండా మతబోధల పుస్తకం కూడా రాసింది. అది చదివిన లండన్ బిషప్‌గారు, రాసింది ఎవరో మతగురువే అనుకుని, ఒక చర్చి బాధ్యత ఇస్తామని కబురు పంపారని చెబుతారు!

కవి మాటలు కత్తిరించడం తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఏరేటప్పుడు రాళ్లతోపాటు గింజలూ పోతాయి, నిజమే. కానీ పిల్లలున్న ఇళ్లలోకి షేక్స్‌పియర్ రావడానికి ఆ పుస్తకం కూడా సాయపడింది. తిట్టినా మెచ్చుకున్నా లోకం తమ్ముణ్ణే తలుచుకుంది. అక్క పాత్ర సంగతి పండితులు తేల్చేసరికి ఎన్నో ఏళ్లు పట్టింది.

అందుకే అక్కచెల్లెళ్లూ, వంటయినా, కుట్టుపనయినా, కథయినా పత్రికకి పంపేటప్పుడు కింద మీ పేరు మీరే రాయండి. మావారి పేరుతో పంపితే ఏంలే అనుకోకండి.