మిర్చి కోతలకూ విద్యార్థులు ఉండాలి



వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లలో హాస్టళ్లు, వైఫై బాగుపడితే చాలన్న పాఠకుడి లేఖ చదివాను. హాస్టళ్లు బాగుపడాల్సిందే, కాదనను. కానీ అంతటితో చదువు బాగుపడదు.

ఆచార్య ఎన్‌.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1945 నాటి బాపట్ల కళాశాల ఉంది. తిరుపతి, నైరా, మహానంది, రాజమహేంద్రవరంలోనూ కళాశాలలున్నాయి. మిర్చి, పత్తి పరిశోధన జరిగే లాం మాత్రం గుంటూరు పక్కనే ఉంది. నైరా విద్యార్థి ఒక్క సీజనైనా ఇక్కడ గడిపే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు?

నాలుగో ఏడాది పిల్లలు పల్లెల్లో రైతులతో గడిపే కార్యక్రమం మంచిదే. అయితే అది సాధారణంగా తొలి సెమిస్టర్‌లో వస్తుంది. మిర్చి నారు, నాట్లు చూస్తారు. జనవరి తర్వాత వచ్చే కోతలు, కల్లాలు, యార్డు బేరాలు చూడరు. చీడపీడల సంగతీ అంతే. 2021లో నల్ల తామర పురుగు మా చేలను ఊడ్చేసింది. పూతను అరచేతిలో దులిపితే సన్నటి నల్లటి పురుగులు పాకేవి. అది కళ్లారా చూసిన విద్యార్థికి చీడపీడల పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు. తాలుకాయ ఏరడం, కాయ నొక్కి తేమ చూడటం కూడా చదువే.

అందుకే విశ్వవిద్యాలయానికి నా విన్నపం: క్యాంపస్‌ల మధ్య సీజన్‌వారీ మార్పిడి పెట్టండి, ఫిబ్రవరిలో పిల్లల్ని మా కల్లాలకు పంపండి. భోజనం, బస మా ఊళ్లు చూసుకుంటాయి.

– ఒక మిర్చి రైతు, గుంటూరు జిల్లా