వయసు చెబితే చాలు.. చేతికి దగ్గు సీసా

చలి ముదిరే వేళ మందుల దుకాణాల ముందు తరచూ కనిపించే దృశ్యమే ఇది. బిడ్డ వయసు, పొడి దగ్గో కఫమో చెబితే చాలు.. సీసా చేతికి వచ్చేస్తుంది. బిడ్డ బరువెంతని అడిగేవారు అరుదు. ఇంట్లో ఇంకేం మందు పడుతోందని అడిగేవారు మరీ అరుదు.

ఈ అలవాటు ఎంతటి అనర్థానికి దారితీస్తుందో 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లా చూసింది. మామూలు జలుబు, జ్వరానికి 'కోల్డ్‌రిఫ్' సిరప్ తాగిన పిల్లలకు మూత్రం ఆగిపోయింది. మూత్రపిండాలు దెబ్బతిని 20 మందికి పైగా చిన్నారులు కన్నుమూశారు. వారిలో అత్యధికులు అయిదేళ్లలోపువారే. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. అనుమతించిన పరిమితి 0.1 శాతం మాత్రమే. అక్టోబరు 4న తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా ఆ బ్యాచ్ మందు వాడొద్దని హెచ్చరించింది. ఛింద్వాడాలో ఆ మందును వైద్యులే రాశారన్నది గమనార్హం. తప్పంతా తల్లిదండ్రులపై నెట్టడం అన్యాయం.

అయితే కల్తీ సీసా అల్మారాలోంచి పోయినంత మాత్రాన ముప్పు తొలగినట్లు కాదు. ఏ కల్తీ లేని దగ్గు మందూ పసిపిల్లలకు మేలు చేస్తుందనడానికి సరైన ఆధారాలు లేవు. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయరాదని, అయిదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరు 3న స్పష్టం చేసింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్లలోపు వారికి వాడరాదని సీసాపై ముద్రించాలన్న ఆదేశం 2023 డిసెంబరు నుంచే ఉంది. కోల్డ్‌రిఫ్‌లో ఉండాల్సినవీ ఈ రెండే, వాటికి తోడు పారాసెటమాల్.

ఆ పారాసెటమాల్ దగ్గరే మరో చిక్కు. జలుబు సిరప్‌లో అది ఉందని తెలియక, జ్వరానికి విడిగా ఇంకో సీసా పడుతుంటారు. మోతాదు రెట్టింపై కాలేయానికి ముప్పు వస్తుంది. చుక్కల మందు, సిరప్ ఒకటేననుకోవడం ఇంకా ప్రమాదకరం. సాధారణంగా చుక్కల మందు ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉంటుంది. సిరప్‌లో దాదాపు అంతే మందుకు 5 మిల్లీలీటర్లు పడుతుంది. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే పదికిలోల బిడ్డకు 500 మిల్లీగ్రాములు చేరుతుంది. ఆ బరువుకు ఒకసారి ఇవ్వాల్సింది 150 మిల్లీగ్రాములే. ఇక వంటింటి చెంచాల సంగతి సరేసరి, ఏ రెండూ ఒక్క కొలతలో ఉండవు. సీసాతో వచ్చిన కొలత మూతనే వాడాలి. నిరుడు అన్నకు తెచ్చి మిగిలిన మందును ఈ ఏడు తమ్ముడికి పోయడం మానాలి.

పిల్లల్లో దగ్గు చాలావరకు వైరస్ వల్ల వచ్చి దానంతటదే తగ్గుతుంది. గోరువెచ్చని నీరు, తరచూ తల్లిపాలు, ముక్కు మూసుకుపోతే ఉప్పునీటి చుక్కలు చాలు. ఏడాది నిండిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వవచ్చు. అంతకంటే చిన్నవారికి తేనె నాకించే ఆచారం కొన్ని ఇళ్లలో ఉన్నా, అది ప్రమాదమే.

ఆలస్యం చేయకూడని సందర్భాలూ ఉన్నాయి. బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కించాలి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40 లేదా అంతకు మించితే న్యుమోనియాగా అనుమానించాలి. ఏదైనా సిరప్ పట్టాక మూత్రం తగ్గితే ఆ సీసాను పారేయకుండా బిల్లుతో సహా వైద్యుడికి చూపించాలి. దానిపై ఉండే బ్యాచ్ నంబరు ఆధారంగానే అధికారులు మిగిలిన సరుకును గుర్తించి దుకాణాల నుంచి వెనక్కి తెప్పించగలుగుతారు.