ఆ మరక మనిషిదేనా?

‘బట్టల మీద ఈ మరకలేంటి?’ అంటే ‘చెక్కకు వేసే రంగు’ అన్నాడతను. వడ్రంగి మరి, నమ్మేలాగే ఉంది! 1901 జులైలో జర్మనీలోని ర్యూగన్ దీవిలో ఇద్దరు పసివాళ్లు, అన్నదమ్ములు, దారుణ హత్యకు గురయ్యారు. పోలీసులకు దొరికిన ఈ లుడ్విగ్ టెస్నోవ్, 1898లో ఇద్దరు బాలికల హత్య కేసులోనూ ఇదే జవాబు చెప్పి బయటపడ్డాడు. ఈసారి కుదర్లేదు. మనిషి రక్తం ఎక్కించిన కుందేలు ఒంట్లో, ఆ రక్తంలోని ప్రొటీన్లను పట్టుకునే యాంటీబాడీలు తయారవుతాయని వైద్యుడు పాల్ ఉలెన్‌హూత్ కొన్ని నెలల ముందే నిరూపించాడు. ఆ కుందేలు సీరాన్ని మరక నానిన నీళ్లలో కలిపితే తెల్లగా మబ్బు కమ్ముతుంది. టెస్నోవ్ దుస్తుల మీద కొన్ని మరకలు గొర్రెవి, కొన్ని మనిషివి అని తేలింది. అతను దోషి అయ్యాడు.

ఇప్పుడా పని వేలెడంత పట్టీ చేస్తోంది. చూడ్డానికి అచ్చం గర్భనిర్ధారణ కిట్టే. మరకను ద్రావణంలో నానబెట్టి కొన్ని చుక్కలు వేస్తారు. పట్టీలో రంగు అంటించిన యాంటీబాడీలు మనిషి హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ముందుకు పాకుతాయి. ‘టి’ గీత దగ్గర కాపుకాసిన మరికొన్ని యాంటీబాడీలు వాటిని ఆపేస్తాయి. అక్కడ రంగు గీత కనిపిస్తే మనిషి రక్తమన్నమాట. పక్కనున్న ‘సి’ గీత రాకపోతే ఆ పరీక్షే చెల్లదు. అంతా పది నిమిషాల పని. మిల్లీలీటరులో 0.07 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ ఉన్నా పసిగట్టే పట్టీలున్నాయి.

విచిత్రమేంటంటే, రక్తం మరీ ఎక్కువైతే గీత రాదు! రంగు యాంటీబాడీలు కొన్నే ఉంటాయి కదా. వాటికి చిక్కని హిమోగ్లోబిన్ ముందే వెళ్లి ‘టి’ గీత దగ్గరి సీట్లన్నీ ఆక్రమించేస్తుంది. రంగుతో వచ్చినవాటికి చోటుండదు. కొత్తవాళ్లయితే ‘రక్తం కాదు’ అని రాసేసే ప్రమాదముంది. అందుకే చిక్కటి నమూనాను పల్చన చేసి మళ్లీ పరీక్షిస్తారు.

ఇంకో తిరకాసు... చింపాంజీలాంటి వానరాలతోపాటు, ముంగిసను పోలిన ఫెర్రెట్ అనే జంతువు రక్తానికీ గీత వస్తుంది. ఫెర్రెట్లను పెంచుకునే దేశాల్లో ‘ఇంట్లో అదుందా?’ అనీ అడగాల్సిందే. పైగా గడ్డం గీసుకుంటే తెగిన గాయానికీ, కత్తిపోటుకూ ఒకటే గీత. రక్తం ఎవరిదో కూడా పట్టీ చెప్పదు. మిగిలిన నమూనాను అందుకే డీఎన్ఏ పరీక్షకు పంపుతారు.