పెండ్లికూతురి పటము

జర్మనీదేశమందలి వైమారు వస్తుప్రదర్శనశాలలో 1526వ సంవత్సరమున వ్రాయబడిన యొక కన్యపటము గలదు. ఆమె క్లీవ్సు ప్రభువు కూతురు సిబిల్. సాక్సనీ యువరాజగు జాన్ ఫ్రెడరిక్కునకు నిశ్చయింపబడినది. విరియబోసిన కురులపై పెండ్లిదండ దాల్చిన యామెకు అప్పటికి 14 ఏండ్లు.

చిత్రకారుడు లూకాసు క్రానాఖ్. ఉంగరము నోట గరచిన రెక్కలసర్పము 1508లో ఆయనకు బిరుదచిహ్నముగా లభించెను. పటములపై దానినే గురుతుగా నుంచెడివాడు. అయితే ఆ కర్మశాలలో కొడుకులును శిష్యులును వ్రాసిన పటములపై సయితము ఆ సర్పమే కానవచ్చును. 1533లో జాన్ ఫ్రెడరిక్కే తన తండ్రివియు పెదతండ్రివియునగు చిన్నపటములను 60 జతలు అచ్చట వ్రాయించెను. ఇన్నిటిని ఒక్కచేయి వ్రాయుట సాధ్యమా? కావున సర్పము కర్మశాలకు సాక్ష్యమేగాని గురువు చేతికి సాక్ష్యము గాదు. రంగులక్రింది తొలిగీతలను, ముఖము దిద్దిన తీరును పరిశీలించియే పండితులు చేతిని గుర్తింతురు.

సోదరీమణులారా, సిబిల్ కథ పటముతో ముగియలేదు. 1547లో యుద్ధమున భర్త చెరపడగా, 1552లో ఆతడు విడుదలయగువరకు ఆమె వేచియుండెను. 1554లో ఆమె మరణించిన కొలది దినములకే ఆతడును గతించెను. కుంచె పట్టిన చేయి యెవరిదని పండితులు విచారింతురు గాక. ఆ దండకు విలువ దెచ్చినది మాత్రము సిబిల్ జీవితమే యని మేము తలచెదము.